దొమ్మసంద్ర దాటాక నాలుగేళ్ల డూప్లెక్స్ ఇల్లు: టోకెన్ ఇచ్చే ముందు ఏం చూడాలి?

మదనపల్లె_మనిషి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మేమిద్దరం బెంగళూరులో బెళ్లందూరు వైపు ఉద్యోగాలు చేస్తున్నాం. పాప వచ్చే ఏడు ఒకటో తరగతి. దొమ్మసంద్ర దాటాక సర్జాపూర్ వైపు, మెయిన్ రోడ్డు నుంచి కిలోమీటరు లోపలికి, ఒక లేఅవుట్లో థర్టీ ఫార్టీ (30×40 అడుగుల) సైట్లో కట్టిన డూప్లెక్స్ చూశాం. తూర్పు ముఖం, మూడు బెడ్రూములు, కట్టి నాలుగేళ్లయింది. ఓనర్ విదేశాలకి వెళ్లిపోతున్నాడట, 1.40 కోట్లు చెప్తున్నాడు. లేఅవుట్లో సగం ఇళ్లు లేచాయి, సగం ఖాళీ సైట్లు. కొత్తగా రంగులు వేయించాడు, ఇల్లు ముచ్చటగా ఉంది. మా ఆవిడకి వంటిల్లు తెగ నచ్చేసింది.

పంచాయతీ ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) ఉంది, లోన్ వస్తుంది, బోరు ఉంది, కావేరి నీళ్లు కూడా వచ్చేస్తున్నాయి అంటున్నాడు బ్రోకర్. ఇంకో పార్టీ రెడీగా ఉన్నారట, ఆదివారానికల్లా టోకెన్ అడ్వాన్స్ ఇమ్మని తొందర పెడుతున్నాడు. ఇంట్లో ఏం చూడాలి, కాగితాల్లో ఏం చూడాలి, చుట్టుపక్కల ఏం చూడాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

గోదారి_గాలి

ఆ 'ఇంకో పార్టీ' బెంగళూరులో ప్రతి ఇంటికీ ఉంటాడండీ. నేను ఇల్లు వెతికిన రోజుల్లోనూ వాడే ఉన్నాడు. కంగారు పడకండి.

తూర్పు ముఖం బానే ఉంది గానీ వీధి పోటు ఉందేమో చూశారా? ఎదురు రోడ్డు తిన్నగా వచ్చి గేటుకి తగులుతుంటే మాత్రం వద్దనే అంటాను. వాస్తు మీద నమ్మకం లేనివాళ్లు కూడా రాత్రిపూట హెడ్‌లైట్లు హాల్లోకి కొడుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

సున్నం_ఇటుక

కొత్తగా రంగులు వేయించాడు అన్న చోట నేను ఆగాను. అమ్మే ముందు రంగు వేయించడం అందరూ చేసేదే, తప్పు పట్టను. ఆ రంగు కింద ఏముందో చూసుకోవడం కొనేవాళ్ల పని. నేను సివిల్ సైడ్ వాణ్ణి కాబట్టి ఇంటి వరకు చెప్తా, కాగితాలు వేరేవాళ్లు చెప్తారు.

వార్డ్‌రోబ్ తలుపులు తీసి, లోపలి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. అమ్మకానికి రంగు వేసేవాళ్లు అల్మరా లోపలికి బ్రష్ పెట్టరు. బాత్రూముకి అవతలి పక్క గోడని కింది నుంచి రెండడుగుల ఎత్తు దాకా చూడాలి. చెమ్మ ఉంటే రంగు పొక్కులు లేస్తుంది, లేదా తెల్లగా ఉప్పులా పొడి రాలుతుంది. పై బాత్రూము కింద ఏ గది వస్తుందో చూసుకుని ఆ గది సీలింగ్ చూడండి. అక్కడ ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక లైటు ఊడదీయించి ఆ కన్నంలోంచి మొబైల్ టార్చ్ కొట్టండి. ఓనర్ ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

పగుళ్లన్నీ ఒక రకం కాదు. పిల్లరూ గోడా కలిసే చోట వెంట్రుకవాసి నిలువు గీత ఉంటే బెంగ అక్కర్లేదు, కాంక్రీటూ బ్లాకూ ఎండకి ఒకేలా సాగవు కాబట్టి అది చాలా ఇళ్లల్లో కనిపిస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, గోరు దూరేంత వెడల్పున్న పగులైతే మాత్రం పునాది ఒక పక్క కుంగుతోందేమో అని అనుమానించాలి. పాత కుంటో, మట్టి తవ్విన గొయ్యో పూడ్చి వేసిన సైటైతే మరీను. ఇంటి లోపల కనిపించిన పగులు బయటి గోడ మీద కూడా అదే చోట ఉందా అని తప్పకుండా చూడండి.

టెర్రస్ మీద నాలుగు బకెట్లు నీళ్లు పోసి పావుగంట ఆగండి. నీళ్లన్నీ గొట్టం వైపు పోవాలి. మధ్యలో మడుగు కడితే వాలు సరిగా పెట్టలేదన్నమాట, ఇప్పుడు కాకపోతే రెండు వానాకాలాల తర్వాత స్లాబ్ కారుతుంది. టైల్స్ మీద రూపాయి నాణెంతో కొట్టుకుంటూ నడవండి, డొల్ల చప్పుడు ఎక్కడ వస్తుందో తెలుస్తుంది.

కరెంటు బిల్లు పాతవి అడగండి. ఎన్ని కిలోవాట్ల లోడ్ శాంక్షన్ అయిందో అందులో ఉంటుంది. మూడు ఏసీలు బిగించి మూడు కిలోవాట్లే ఉంటే లోడ్ పెంచుకోవాలి. అసలు ఇల్లు కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీదే ఇప్పటికీ నడుపుతున్నారేమో కూడా చూడండి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే కాగితం) చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని చెప్పిన దగ్గర్నుంచి కర్ణాటకలో ఈ గొడవ చాలా ముదిరింది. చిన్న సైట్లలోని ఇళ్లకి రాష్ట్రం తర్వాత కొంత సడలింపు ఇచ్చింది. మీ ఇల్లు అందులోకి వస్తుందా లేదా అన్నది కాగితం చూపించి అడగాల్సిన ప్రశ్న.

ఇంకొకటి. అయిదేళ్ల స్ట్రక్చర్ గ్యారంటీ అని రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) గురించి ఎవరైనా చెప్తే నమ్మకండి. అది రెరాలో ఉన్న ప్రాజెక్టు కట్టిన బిల్డరుకి. ఒకాయన సొంతానికి మేస్త్రీతో కట్టించుకున్న ఇంటికి అది వర్తించదు.

గుంజూరు_పాతకాపు

సున్నం_ఇటుక గారు చెప్పినవన్నీ నిజమే, కానీ వాటిలో చాలావరకు డబ్బు పెడితే బాగవుతాయి. తమ్ముడూ, నువ్వు ముందు నీళ్ల సంగతి తేల్చుకో.

కావేరి అయిదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. రోజుకి 775 మిలియన్ లీటర్లు. అది ఉద్దేశించింది బీబీఎంపీలో (అప్పటి బెంగళూరు నగరపాలికలో) 2007లో కలిసిన 110 గ్రామాలకి. దొమ్మసంద్ర, సర్జాపూర్ ఆ లెక్కలో లేవు, అవి ఆనేకల్ తాలూకా పంచాయతీలు. 'వచ్చేస్తున్నాయి' అన్న మాట వర్తూరు దగ్గరైతే కొంత నమ్ముతాను, నువ్వు చెప్పిన చోట మాత్రం బోరూ ట్యాంకరే గతి.

బోరు ఉంది అంటే సరిపోదు. ఎన్ని అడుగులు, ఎప్పుడు వేశారు, మోటారు ఎన్ని అడుగుల దగ్గర దింపారు, ఏప్రిల్‌లో ఎంతసేపు నడుస్తుంది, ఇవి అడగాలి. మా వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లు మామూలైపోయాయి. బోరు సైటులోనే ఉందా, నలుగురు కలిసి వేసుకున్నదా అన్నది కూడా ముఖ్యమే, పంపకాల గొడవ తర్వాత వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడు. మనిషికి రోజుకి 135 లీటర్లు అని మన దేశంలో నగరాలకి వేసే లెక్క. ముగ్గురూ, వచ్చిపోయే అమ్మానాన్నలూ, నలుగురు అనుకో. రోజుకి 540, నెలకి పదహారు వేల చిల్లర. బోరు ఎండితే ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు నెలకి మూడు కావాలి. 2024 మార్చిలో నీళ్ల కరువు వచ్చినప్పుడు ప్రభుత్వం అయిదు కిలోమీటర్ల లోపు ఆరు వేల లీటర్లకి 600 అని రేటు కట్టింది. నువ్వు కొనే రోజున ఎంత ఉంటుందో, ఎండాకాలం ఎంత ఉంటుందో ట్యాంకర్ అబ్బాయినే అడుగు. బ్రోకర్ చెప్పనివన్నీ అతను చెప్తాడు, ఏ ఇంటికి ఎన్ని లోడ్లు దింపాడో అతని ఫోన్లో ఉంటుంది.

సంపు ఎన్ని లీటర్లో కొలిపించు. ఆరు వేల ట్యాంకర్ వచ్చి సంపులో నాలుగు వేలే పట్టిందనుకో, మిగతా నీళ్లు అతను వెనక్కి తీసుకెళ్లి పక్క వీధిలో అమ్ముకుంటాడు, నువ్వు మాత్రం పూర్తి లోడుకి కట్టాలి. సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య దూరం కూడా చూడు. అక్కడ అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉందా? లేకపోతే ఇంకుడు గుంత ఎక్కడుంది, హనీ సక్కర్ బండి (సెప్టిక్ ట్యాంకు తోడేది) లోపలికి తిరిగే చోటుందా?

నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు పెట్టించు. తాగే నీటికి 500 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా అని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్తుంది. మీటరు లేకపోయినా ఫర్వాలేదు. బాత్రూములో షవర్ మూతి చూడు, తెల్లటి పెళ్ల కట్టి సగం రంధ్రాలు మూసుకుపోయి ఉంటే గీజరు, వాషింగ్ మెషీన్ గతేంటో అర్థమవుతుంది.

అనంత_ఆకాశం

నీళ్లు లేకపోవడం ఒక బాధ, ఎక్కువ రావడం ఇంకో బాధ. 2022 సెప్టెంబరులో సర్జాపూర్ రోడ్డు, యమలూరు వైపు కోట్ల విలువ చేసే విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు, అందరం చూశాం. 2025 మేలో హొరమావులో సాయి లేఅవుట్ మునిగింది. రెండు చోట్లా ఇళ్లు బాగానే కట్టారు.

నీరు పల్లమెరుగు అని మనవాళ్లు ఊరికే అనలేదు. బెంగళూరు చెరువులన్నీ గొలుసుకట్టు, ఒకటి నిండితే అలుగు పారి రాజకాలువలోంచి కింది చెరువుకి పోవాలి. ఆ దారిలో ఇల్లు కడితే నీళ్లు ఆగి అడగవు.

మదనపల్లె_మనిషి గారూ, రెవెన్యూ శాఖ వెబ్‌సైట్లో ప్రతి ఊరికీ గ్రామ పటం దొరుకుతుంది. పాత పటం, చేత్తో గీసినది, కాలువలు, చెరువులు, బండి దారులు అన్నీ ఉంటాయి. ఫోన్లో దిశాంక్ యాప్ వేసుకుని ఇంటి ముందు నిలబడితే మీరు ఏ సర్వే నంబరులో ఉన్నారో చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు కూడా తిరగేయండి, పదేళ్ల కింద అక్కడ పొలమా, కుంటా అన్నది తెలిసిపోతుంది.

బఫర్ (కట్టకుండా వదలాల్సిన దూరం) విషయంలో బీడీఏ, అంటే బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో దాని మాస్టర్ ప్లాన్ ఆర్ఎంపీ 2015 లెక్క నడుస్తూ వచ్చింది: చెరువుకి 30 మీటర్లు, రాజకాలువ పెద్దదైతే 50, మధ్యరకం 25, చిన్నది 15. ఎన్జీటీ (గ్రీన్ ట్రిబ్యునల్) 2016లో పెంచింది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపు కొట్టేసింది. మీది ఆనేకల్ పరిధి, అక్కడి మాస్టర్ ప్లాన్ వేరు. దాని కాపీ ప్లానింగ్ అథారిటీ ఆఫీసులో చూడొచ్చు.

నేను మాత్రం అపార్ట్‌మెంటే కొన్నాను. ఈ తలనొప్పులన్నీ పదిమంది కలిసి పడతారు.

గోదారి_గాలి

> ఈ తలనొప్పులన్నీ పదిమంది కలిసి పడతారు.

పదిమంది కలిసి వాట్సాప్‌లో కొట్టుకుంటారు కూడా. మెయింటెనెన్స్ చదరపు అడుగుకి ఎంత పెంచాలి అని మా అసోసియేషన్ మీటింగు అర్ధరాత్రి దాకా జరిగింది మొన్న.

ఓరుగల్లు_పిల్ల

నేను కసవనహళ్లిలో అద్దెకుంటాను. నా తరఫున ఒక్కటే: ఆ ఇంటి పక్కన ఖాళీ సైటు ఉందా?

మా ఓనర్ ఆంటీ ఇల్లు కట్టుకున్నప్పుడు రెండు పక్కలా ఖాళీయే. వంటింట్లో పొద్దున్నే ఎండ పడేదట. ఇప్పుడు ఒక పక్క నాలుగంతస్తుల పీజీ లేచింది. గోడకీ గోడకీ మధ్య మనిషి అడ్డంగా నడిచేంత సందు. వాళ్ల బాత్రూము వెంటిలేటర్లన్నీ ఆంటీ వంటింటి కిటికీ వైపే. రాత్రి పన్నెండుకి ఫుడ్ డెలివరీ బైకులు, ఒంటిగంటకి ఎవరో ఫోన్లో బ్రేకప్ చెప్పుకుంటూ ఉంటారు. ఆంటీ ఆ సంభాషణలన్నీ కంఠస్థం చేసేశారు.

నేరం పీజీ పిల్లలది కాదు, నేనూ అలాంటి దాంట్లోనే ఉండొచ్చాను. కానీ ఆఫీసులు దగ్గరున్న ఏ లేఅవుట్లోనైనా ఖాళీ సైటు ఓనరుకి ఇల్లు కట్టడం కన్నా పీజీ కట్టడమే లాభం. మీ వంటిల్లు ఏ పక్కకుందో, ఆ పక్క సైటు ఎవరిదో కనుక్కోండి. మీ ఆవిడ గారికి నచ్చిన వెలుతురు ఆ సైటు ఓనరు దయ మీద ఉంది.

శనివారం మధ్యాహ్నం చూసి కొనకండి. సోమవారం ఎనిమిదిన్నరకి ఆ ఇంటి నుంచి మీ ఆఫీసుకి బండి తీయండి. రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వెళ్లి లేఅవుట్లో నడవండి, వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో, కుక్కలు ఎన్ని వెంటపడుతున్నాయో తెలుస్తుంది. చెత్త బండి రోజూ వస్తుందా, ఖాళీ సైట్లలో తగలబెడుతున్నారా చూడండి. దగ్గర్లో రెడీ మిక్స్ కాంక్రీటు ప్లాంటు ఉంటే రాత్రంతా లారీలు, పొద్దున బట్టల మీద బూడిద. ఇస్త్రీ బండి ఆయన్ని పలకరిస్తే మొత్తం వీధి చరిత్ర చెప్తాడు.

కాగితాల_పుల్లయ్య

బ్యాంకులో లీగల్ సైడ్ చాలా కాలం చేసి రిటైరయ్యాను. వరసగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

'పంచాయతీ ఖాతా ఉంది' అనే మాటకి అర్థం లేదు. ఏ ఫారం ఉంది? పంచాయతీ ఆస్తులకి కాగితాలు ఈ-స్వత్తు అనే ఆన్‌లైన్ రికార్డు నుంచి వస్తాయి: ఫారం 9, ఫారం 11. ఆ 11లో మళ్లీ ఏ, బీ అని రెండు. లేఅవుట్ అనుమతి సక్రమంగా ఉన్నదానికి ఫారం 9, దానితో 11ఏ. లేనిదానికి 11బీ ఒక్కటే, అంటే పన్ను కట్టించుకోవడానికి ఒక పుస్తకంలో రాసుకున్నారన్న మాట, అంతే. బ్రోకర్లు రెండింటినీ 'ఖాతా' అనే అంటారు.

లేఅవుట్‌కి ప్లాన్ శాంక్షన్ చేయాల్సింది ప్లానింగ్ అథారిటీ, పంచాయతీ కాదు. పంచాయతీ సీలున్న ప్లాన్ చూపిస్తే దండం పెట్టి లేచి రండి. సాగు భూమి అయితే డీసీ కన్వర్షన్ ఆర్డర్ (సాగేతర వాడకానికి మార్చినట్టు డిప్యూటీ కమిషనర్ ఇచ్చేది) ఉండాలి, అందులోని సర్వే నంబరు, విస్తీర్ణం మీ సేల్ డీడ్‌తో కలవాలి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) ముప్ఫై ఏళ్లది తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో 2004 ఏప్రిల్ 1 నుంచే దొరుకుతుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి తీసుకోవాలి. ఎక్కువమంది ఆన్‌లైన్‌ది చూసి సరిపెట్టుకుంటారు. మదర్ డీడ్ (మూల దస్తావేజు) నుంచి గొలుసు తెగకుండా రావాలి. రైతు కుటుంబం నుంచి వచ్చిన భూమైతే వంశవృక్షం అడగండి, ఆడపిల్లలు సంతకాలు పెట్టారా చూడండి. ఒకప్పుడు ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన భూమి అయితే 1978 పీటీసీఎల్ చట్టం కింద అమ్మకమే చెల్లకపోవచ్చు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఎన్నేళ్ల తర్వాతైనా వెనక్కి అడగొచ్చు అన్నారు. పాత పహాణీల్లో ఇది బయటపడుతుంది. కన్నడ దస్తావేజులు చదవగల స్థానిక లాయరునే పెట్టుకోండి, బ్రోకర్ చూపించిన లాయరు వద్దు.

లోన్ వస్తే టైటిల్ క్లియర్ అనుకోవద్దు. బ్యాంకు తన అప్పు వరకు చూసుకుంటుంది. 11బీకి పెద్ద బ్యాంకులు మొహం తిప్పుకుంటాయి, ఫైనాన్స్ కంపెనీలు ఎక్కువ వడ్డీకి ఇస్తాయి. 'లోన్ వస్తుంది' అన్నవాడు ఎవరి దగ్గర అన్నది చెప్పడు.

ఖర్చులు: 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం నుంచి రెండు శాతం చేశారు. స్టాంప్ డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపి మొత్తం 7.6 శాతం పైచిలుకు. 1.40 కోట్లకి పది లక్షల అరవై, డెబ్బై వేలు పక్కన పెట్టుకోవాలి. ఇల్లు 50 లక్షలు, ఆపైన కాబట్టి మీరే ఓనరుకి ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి. ఓనర్ రిజిస్ట్రేషన్ నాటికే ఎన్నారై అయిపోతే లెక్క వేరు, అప్పుడు ఒక శాతంతో పోదు, ఆడిటరుని అడగండి.

చివరిది, కానీ ఎవరూ అడగనిది. మెయిన్ రోడ్డు నుంచి లేఅవుట్ గేటు దాకా వచ్చే దారి ఎవరి పేర ఉంది?

మదనపల్లె_మనిషి

అందరికీ చాలా థ్యాంక్స్. టోకెన్ ఇవ్వలేదు. పాపని అమ్మమ్మ దగ్గర వదిలి మేమిద్దరం చెప్పినవన్నీ ఒక్కొక్కటే చూశాం.

మంచివి ముందు. ముందు రాత్రి గట్టి వాన పడింది, అయినా లేఅవుట్లో ఎక్కడా నీళ్లు నిలవలేదు. గ్రామ పటంలో కాలువ ఉంది గానీ బాగా కింద, రెండు సర్వే నంబర్ల అవతల. పిల్లలు సాయంత్రం రోడ్ల మీద సైకిళ్లు తొక్కుతున్నారు. ఇరుగుపొరుగు చాలా మంచివాళ్లు, ఒకావిడ చిత్తూరు వాళ్లే, కాఫీ ఇచ్చి మరీ కూర్చోబెట్టారు.

వార్డ్‌రోబ్ లోపల చెయ్యి పెడితే చల్లగా తగిలింది, మూలన బూజు. మాస్టర్ బాత్రూము గోడ అది. సంపు 4,500 లీటర్లే. ట్యాంకర్ అబ్బాయి ఫోన్ తీసి చూపించాడు, ఆ వీధికి ఏప్రిల్, మేలో వారానికి ఒక లోడు తప్పకుండా వెళ్లింది. పడమర పక్క సైటు ఎవరిదో హైదరాబాదులో ఉంటారట, ఏం కడతారో ఎవరికీ తెలియదు. వంటిల్లు ఆ పక్కకే.

ఖాతా అడిగితే ఫారం 11బీ పంపించాడు. 1.40లో 30 లక్షలు క్యాష్ కావాలన్నాడు కూడా.

అసలు విషయం పుల్లయ్య గారి చివరి ప్రశ్న. మెయిన్ రోడ్డు నుంచి వస్తే చివర రెండు వందల అడుగులు రోడ్డు కొంచెం సన్నబడుతుంది, ఒక పక్క రాగి చేను. మామూలుగా కారులో పోతే తెలియదు. నడిచి వెళ్తే చేను హద్దు రాయి రోడ్డుకి అవతలి పక్క కనిపించింది. అంటే ఆ తారు రోడ్డు మొత్తం చేనులోనే ఉంది. రైతు అక్కడే ఉన్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. అడిగితే, "లేఅవుట్ వేసినాయన నోటిమాట మీద వదిలిపెట్టినా. నేనున్నన్ని దినాలు అడ్డం పెట్టను. పిల్లోళ్లు పంచుకున్నాక వాళ్లేమంటారో నాకేం తెలుసు సామీ" అన్నారు. పహాణీ తీయిస్తే అది ఇంకా ఆయన పేరే ఉంది.

ఇదంతా చెప్పేసరికి బ్రోకర్ 1.32కి దిగాడు, పూర్తి వైట్ అంటున్నాడు. ఇప్పుడేం చేయమంటారు?

గుంజూరు_పాతకాపు

తడి గోడ, చిన్న సంపు ఎనిమిది లక్షల్లో సరిపోతాయి. దారి ఎంతలో సరిపోతుందో బ్రోకర్ చెప్పగలడా?

కాగితాల_పుల్లయ్య

రైతు నిజాయితీగా మాట్లాడాడు, అది మీ అదృష్టం.

దారి హక్కు గురించి ఎవరైనా 'వాడుకుంటూ ఉంటే అదే వస్తుంది' అంటారు. 1882 ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డం లేకుండా, హక్కుగా వాడి ఉండాలి. ఇది మొన్న మొన్న వేసిన లేఅవుట్, పైగా ఆయన అనుమతితో నడుస్తున్నారు, అనుమతితో నడిచిన దారి హక్కు కాదు. వేరే దారే లేదు కాబట్టి అవసరార్థం హక్కు అడగొచ్చు అన్న వాదన ఉంది గానీ, అది కూడా భూములన్నీ ఒకప్పుడు ఒకరివే అయి ఉన్నప్పుడు వచ్చేది. కోర్టుకెక్కితే ఎన్నేళ్లో చెప్పలేం. అనుమతి ఉన్న లేఅవుట్లో రోడ్లూ పార్కులూ రిజిస్టర్డ్ దస్తావేజుతో స్థానిక సంస్థకి రాసిచ్చేస్తారు, మీకు ఆ బాధ ఉండేది కాదు. 11బీ, దారి, రెండూ ఒకే జబ్బు.

క్యాష్ సంగతి వదిలేశాడు కాబట్టి మంచిదే. స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తం జరిమానా పడుతుంది. ఇచ్చిన మీకేమో ఆ 30 లక్షలు ఏ కాగితంలోనూ ఉండవు. రేపు మీరు అమ్మినప్పుడు లాభం అంత ఎక్కువ కనపడి పన్ను మీరు కడతారు.

గోదారి_గాలి

నేను వేరేగా చూస్తాను. లేఅవుట్లో ముప్ఫై మందో నలభై మందో ఇళ్లు కట్టుకున్నారుగా, వాళ్లందరిదీ ఇదే సమస్య. అందరూ కలిసి ఆ రెండు వందల అడుగుల స్ట్రిప్‌ని రైతు దగ్గర కొని పంచాయతీకి రాసిచ్చేస్తే అయిపోతుంది. మనిషికి లక్షో లక్షన్నరో పడుతుంది. ఆయన ఒప్పుకునే మనిషిలాగే ఉన్నాడు. ఇది జరిగితే 1.32 బేరం బాగానే ఉన్నట్టు.

మదనపల్లె_మనిషి

కాఫీ ఇచ్చిన చిత్తూరు ఆవిడని అడిగానండీ. రెండేళ్లుగా గ్రూపులో అదే మాట నడుస్తోందట. సైట్లు కొని ఖాళీగా పెట్టుకున్నవాళ్లు వాటా వేయం అంటున్నారు, ఇళ్లున్నవాళ్లు మేమే ఎందుకు మొత్తం వేయాలి అంటున్నారు. రైతు కూడా మొదట చెప్పిన రేటు మీద ఇప్పుడు లేరట.

సున్నం_ఇటుక

అయితే ఆ గొడవ తేలకముందు కొంటే వాటా మీ నెత్తిన, తేలాక కొంటే పాత ఓనరు నెత్తిన. తొందర అతనికి ఉంది, మీకు లేదు.

ఓరుగల్లు_పిల్ల

అన్నా, మీకు ఏరియా నచ్చింది, మనుషులు నచ్చారు, పాపకి ఆడుకునే చోటుంది. అనుమానమల్లా ఇప్పుడే కొనడం మీదే. అదే లేఅవుట్లో పదకొండు నెలలకి అద్దెకి దిగండి. ఏప్రిల్ నీళ్లు, సెప్టెంబరు వాన, సోమవారం ట్రాఫిక్, అసోసియేషన్ గొడవ అన్నీ సొంత కళ్లతో చూస్తారు. దారి సంగతి తేలితే అప్పుడు అక్కడే ఎవరో ఒకరు అమ్ముతారు, ముందుగా తెలిసేది మీకే.

అనంత_ఆకాశం

దీనికి నా ఓటు. మెట్రో వస్తుంది, రేట్లు పెరిగిపోతాయి అని బ్రోకర్ భయపెడతాడు చూడండి. సర్జాపూర్–హెబ్బాళ లైనుకి రాష్ట్ర కేబినెట్ 2024 డిసెంబరులో ఒప్పుకుంది, అంతే. పక్కన బొమ్మసంద్ర లైను పనులు మొదలై 2025 ఆగస్టులో రైలు ఎక్కేదాకా ఎన్నాళ్లు పట్టిందో హోసూరు రోడ్డు మీద తిరిగినవాళ్లని అడగండి.

మదనపల్లె_మనిషి

మా ఆవిడతో మాట్లాడాను. వంటిల్లు వదులుకోవడానికి కొంచెం బాధపడింది గానీ, పీజీ వెంటిలేటర్ల సంగతి చదివి వినిపించాక ఒప్పుకుంది. ఓనరుకి చెప్పేశాం: లేఅవుట్ దారి రిజిస్టర్ అయి, ప్లానింగ్ అథారిటీ నుంచి సక్రమం అని కాగితం వస్తే అప్పుడు మాట్లాడదాం, ఈలోగా వేరేవాళ్లకి అమ్ముకోండి అని. ఆ ఇంకో పార్టీ ఏమయ్యాడో మరి, పొద్దున బ్రోకర్ మళ్లీ ఫోన్ చేశాడు.

చిత్తూరు ఆవిడ వాళ్ల ఎదురిల్లు అద్దెకుందట. రెండు బెడ్రూములు, కింది పోర్షన్. సంపు ఎనిమిది వేల లీటర్లు, అది ముందే అడిగేశాను. అద్దె 27 వేలు, అడ్వాన్స్ ఆరు నెలలు అంటున్నారు.

గుంజూరు_పాతకాపు

ఆరు ఎక్కువ. నాలుగు దగ్గర మొదలుపెట్టు, అయిదుకి ఒప్పుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఒక నెల అద్దె కోస్తాం అని అగ్రిమెంట్లో ఉంటుంది, అది కూడా మాట్లాడుకో. ట్యాంకర్ డబ్బులు పై పోర్షన్ వాళ్లతో ఎలా పంచుకుంటారో రాయించు.

నిర్వాహకుడు

బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాక 'బీ' ఖాతాని 'ఏ' ఖాతాగా మార్చుకోవడం గురించి నలుగురు ఇక్కడే అడిగారు. ఆ ప్రశ్నల్ని విడిగా ఇంకో చర్చలోకి మార్చాను. పంచాయతీ ఇళ్ల సంగతులు ఇక్కడే కొనసాగించండి.